పలక గోడలో ఒక రాయి తక్కువ

మా బ్లైనైలో వాన సెలవు పెట్టదు.
ఈ కొండలు దొలిచిన పలకలు
ఎక్కడెక్కడి ఇళ్ళకో కప్పులయ్యాయి.
పనికిరాని ముక్కలు వీధి చివర గుట్టపడి
తడిసి మెరుస్తుంటాయి,
ఎవరూ రాయని పలకలు.
ఇన్ని కప్పుల ఊళ్ళో
మా వరసలో మాత్రం ఒక్క కప్ప లేదు.

పక్కింటి గ్వెన్లియన్
పాత వంటింటి సింకును పెరట్లో పాతుతుంటే
గోడ మీంచి తొంగిచూసి, ఎవరి సమాధి అన్నాను.
"కప్పలకి" అంది పార దులుపుతూ.
"చచ్చినవాటికి కాదు, రాబోయేవాటికి."
డెబ్బై రెండేళ్ళ మనిషి.
బడిపిల్లలకు ముప్ఫయ్యేళ్ళు వండిపెట్టింది,
మొండికేసినవాడు ఎప్పటికి తింటాడో
గరిటె పట్టుకుని నిలబడి చూడగలదు.

కుళాయి నీళ్ళు పొయ్యలేదు.
వానే నింపాలంది. మా ఊళ్ళో అదెంత,
రెండు రాత్రుల పని.
సింకు గోడలు నిట్టనిలువు,
దిగిన ప్రాణి ఎక్కిరాలేదని
గుట్టలోంచి పలకలేరుకొచ్చి
నీళ్ళలోకి మెట్లు పేర్చింది.
చేపలు వద్దంది, పిల్లల్ని మింగుతాయని.
గడ్డి కొయ్యడం మానేసింది.
ఓ మూల దుంగలు కుప్పపోసి
కుళ్ళడానికి వదిలేసింది.
ఇవతల నా గడ్డి
పెళ్ళికి క్షవరం చేయించుకున్నట్టుండేది.

మొదటి ఏడు దోమపిల్లలు.
రెండో ఏడు నీటిపురుగులు, ఒక తూనీగ,
స్నానానికొచ్చి అలవాటైన ఓ పిట్ట.
మూడో ఏడు మనవడు ఇవాన్
ఏదో చెరువు నుంచి బకెట్టు మోసుకొచ్చాడు.
అందులో సగ్గుబియ్యం పాయసంలా
నల్లచుక్కల గుడ్ల ముద్ద.
వాడి మొహం చూస్తే నాకే జాలేసింది.
ఆమె బకెట్టు కింద పెట్టనివ్వలేదు.
"ఎక్కడివి అక్కడే పోసిరా నాయనా.
బకెట్లో రోగమూ ప్రయాణం చేస్తుంది.
వాటిని తీసుకురాకూడదు.
దారుంటే అవే వస్తాయి."

దారి.
ఆ మాట గోడ దాటి నా వైపు పడింది.
నేను తీసి చూడలేదు.

ఫిబ్రవరిలో ఓ రాత్రి,
చలి కాస్త సడలి, గాలి లేని తుంపర.
చెత్తబుట్ట బయట పెట్టి వస్తుంటే
టార్చి వెలుగులో, నా గోడ అడుగున
బొటనవేలంత నుదురు
రాతికి ఆనించి ఒక కప్ప.
నాలుగడుగులు పక్కకు పోయి మళ్ళీ నుదురు ఆనించింది.
మళ్ళీ నాలుగడుగులు.
అటు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

అది మా నాన్న కట్టిన గోడ.
సున్నం లేదు, సిమెంటు లేదు,
కత్తి మొన దూరదని ఆయన గొప్ప.
దాని మొదట్లో నా క్యాబేజీలు, వాటి చుట్టూ
నత్తల కోసం నేను చల్లిన నీలిరంగు గుళికలు.

గడ్డపలుగు తెచ్చి
అడుగు వరసలో ఒక రాయి కదిపాను.
నలభై నిమిషాలు పట్టింది,
నాన్న పనితనాన్ని మరోసారి తిట్టుకున్నాను, మెచ్చుకున్నాను.
రాయి ఊడొచ్చేసరికి
కప్ప లేదు.
తుంపర, టార్చి, మోకాళ్ళకు బురద, నేను.

మర్నాడు గుళికలన్నీ ఏరి మూటగట్టాను.
ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో రాత్రి కిటికీ తెరిస్తే
దూరంగా ఎవరో మోటారు సైకిలు
ఆపకుండా వదిలేసిపోయినట్టు ఓ గురగుర.
మనం అనుకునే బెకబెక కాదు.
బండి ఎవరిదా అని వీధిలోకి కూడా వెళ్ళాను.
గోడ మీద గరిటెతో మూడు దెబ్బలు.
"ఎమ్రిస్, చెప్పులేసుకునిరా. చప్పుడు చెయ్యకు."

సింకు నిండా కళ్ళు.
పలకమెట్ల మీద ఒకటి,
దాని వీపెక్కి ఇంకొకటి,
పక్కన వణుకుతున్న పాయసం.
గ్వెన్లియన్ ఏమీ అనలేదు.
గోడలోని ఆ కంత ముందు
ఎప్పుడు నాటిందో, చిన్న ఫెర్న్ మొక్క ఉంది,
వచ్చేపోయేవాళ్ళకు చాటుగా.

ఈ ఏడు నా క్యాబేజీలన్నీ చిల్లులే.
వాటా కుదిరేదాకా
నత్తలూ తింటాయి, నేనూ తింటాను.
సూపులో చిల్లులు కనబడవు లెండి.